తప్పు కాగితానికి కొట్టిన కొబ్బరికాయ

చద్దన్నం రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంటే గ్యాస్ అనుకున్నాను. రాజోలు దగ్గర మాకు కొబ్బరితోట ఉంది. దింపు రోజున కాయలు లెక్కపెడుతూ కళ్లు తిరిగి కూలబడ్డాను. రక్తం బాగా తగ్గిందన్నారు. కాకినాడలో ఎండోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షకు పంపితే కడుపు క్యాన్సరని వచ్చింది.

అదే వారం చేసిన సీఈఏ (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ప్రొటీన్) రక్తపరీక్ష మాత్రం 2.1. ఐదు లోపు నార్మలేనని రిపోర్టు మీదే ఉంది. మా బావ అది పట్టుకుని, "ముక్క పరీక్షే తప్పేమోనండి" అని వాదించాడు. కడుపు క్యాన్సర్ ఉన్నా చాలామందికి సీఈఏ పెరగదని, పొగతాగేవాళ్లకి క్యాన్సర్ లేకపోయినా కాస్త పెరగొచ్చని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు.

తర్వాత ఆ ముక్కకే రంగులేసి ప్రొటీన్లు చూశారు. కొన్ని గడ్డల్లో ఎక్కువగా ఉండే హెర్-2 అనే ప్రొటీన్ నెగటివ్. దాని కింద ఇంకో నాలుగు ప్రొటీన్ల పేర్లు: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. నాలుగూ ఉన్నాయని రాశారు. ఫోన్లో ఆ మాట విని మా ఆవిడ అంతర్వేది స్వామికి కొబ్బరికాయ కొట్టేసింది.

మర్నాడు డాక్టరుగారు చెప్పింది వేరు. కణం విడిపోయేటప్పుడు డీఎన్‌ఏలో దొర్లే తప్పుల్ని దిద్దేవి ఆ ప్రొటీన్లట. గడ్డలో అవి లేనివాళ్లు కొద్దిమందే. కానీ ఆపరేషన్ అయ్యాక సాధారణంగా వాళ్లే మెరుగ్గా ఉంటారట, ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ కూడా వాళ్లకే బాగా పనిచేస్తుందట. ఉండటం మంచిదనుకున్నాం, లేకపోవడమే నయమట! అలాగని ఉన్నంతమాత్రాన ఆశ లేనట్టు కాదనీ అన్నారు. నాది అందరూ నడిచే దారే: నాలుగు కీమోలు, ఆపరేషన్, మళ్లీ నాలుగు.

కీమో రోజుల్లో ఆ మందు వల్ల చల్లదనం పడక, ఎండాకాలంలోనూ కుండనీళ్లు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనేవి, మింగితే గొంతులో గాజుపెంకు దిగినట్టుండేది. ఆపరేషన్లో కడుపు మొత్తం తీసేశారు. ఇక జన్మంతా బీ12 ఇంజెక్షన్లే. రోజుకి ఏడుసార్లు, పిల్లలకి పెట్టినట్టు కొంచెం కొంచెంగా తింటాను. ఒక పెళ్లిలో ఆశపడి రెండు పూతరేకులు తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి అరుగు మీద పడుకోవాల్సొచ్చింది.

రెండేళ్లయింది. స్కాన్లు బాగున్నాయి. ఆ నాలుగు ప్రొటీన్ల సంగతి మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. స్కాన్ బాగుందన్న ప్రతిసారీ అంతర్వేది వెళ్లి ఇంకోటి కొట్టొస్తుంది. కాయలకేం లోటు, తోట మనదే.