ఏమొస్తుందమ్మా?

చెప్పుకోదగ్గ సంగతేం కాదు. అయినా నిద్ర పట్టట్లేదు, అందుకే ఇది. పొద్దున డబ్బాలో జామముక్కలు సర్దుతుంటే మా చిన్నది, "ఇది తింటే ఏమొస్తుందమ్మా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. జామకాయకి కూడా ఇంటర్వ్యూనా అని ఒళ్ళు మండింది నాకు.

నేను నోరు తెరిచేలోపే సోఫాలోంచి మా ఆయన, మన వాట్సాప్ ఫార్వర్డుల డాక్టరుగారు, అందుకున్నారు: "విటమిన్ సి! నారింజకి నాలుగు రెట్లు!" లెక్క సరైనదే. నూరు గ్రాముల జామలో 228 మిల్లీగ్రాములు, నారింజలో 53. పీచు ఐదు గ్రాముల పైనే. ఇవన్నీ ఈయన పుణ్యమా అని నాకూ నోటికొచ్చేశాయి. నా బాధ లెక్కతో కాదు, ఆయన జ్యూస్‌తో.

షుగర్‌కి జామ మంచిదని ఎవరో పంపినప్పట్నుంచీ మా వంటింట్లో రోజూ ఇదే తంతు. రెండు పళ్ళు మిక్సీలో వెయ్యడం, గింజలు పంటికి తగులుతాయని జల్లెట్లో వడగట్టడం, మిగిలిన పిప్పి సింకులో కొట్టెయ్యడం, పైన రెండు చెంచాల పంచదార. మహానుభావా, షుగర్ ఉన్నవాళ్ళకి జామ పనికొచ్చేదే ఆ పిప్పి వల్ల! అది ఉంటేనే పండులోని తీపి రక్తంలోకి నెమ్మదిగా దిగుతుంది. "జల్లెట్లోది తినండి, గ్లాసులోది పారబోయండి" అన్నాను. వింటేగా. పైగా సింకు గొట్టం గింజలతో పూడుకుపోతే పుల్ల పెట్టి పొడిచింది నేను. పళ్ళు కూడా బండిమీదవి కావు, స్పాంజి తొడుగులు వేసుకున్న ఎర్రకండవి, రెట్టింపు ధర. ఆ ఎరుపు లైకోపీనట, గుండెకి మంచిదట. అదే లైకోపీన్ టమాటాలోనూ ఉంటుంది, చారులో టమాటా ముక్క కనబడితే ఏరి పక్కన పెట్టే మనిషికి!

మేమెప్పుడైనా అడిగామా ఏమొస్తుందని? నాయనమ్మ వాళ్ళ పెరట్లో బావి పక్కన ఉండేది చెట్టు. మునగ కొమ్మలా పుటుక్కున విరగదు జామకొమ్మ, వంగుతుంది. అందుకని పిల్లలం పైనే కాపురం. బెరడు పొరలు పొరలుగా ఊడి, లోపల చల్లగా నున్నగా ఉండేది. పెద్దవాళ్ళు దోటితో కోసేవి వేరు, మేం కోసేవి వేరు. చిలక్కొట్టిన కాయ కోసం కొట్టుకునేవాళ్ళం. దోరవి తెచ్చి బియ్యం డబ్బాలో దాచేవాళ్ళం, రెండ్రోజులకి ఇల్లంతా వాసనొచ్చి దొరికిపోయేవాళ్ళం. వానాకాలం కాయ కొరికితే సగం పురుగు. పండుఈగ గుడ్లు పెట్టేది అప్పుడే. చలికాలం కాపు వస్తే పండగ. ఉప్పూకారం పొట్లం లంగా కుచ్చెళ్ళలో దోపుకుని ఎక్కేది మా చిన్నత్త. అప్పటికే పెళ్ళి కుదిరింది ఆవిడకి. పెళ్ళివారి తరఫు పెద్దాయన వెంకటాచలం ఎక్కినట్టు మెట్లెక్కి వస్తుంటే, కొమ్మ మీద కారం మూతితో దొరికిపోయింది. ఆ సంబంధం చెడలేదు లెండి. ఆ మామయ్య ఇప్పటికీ ఏడిపిస్తాడు.

ఇంతవరకూ రాశాక ఆలోచిస్తే, మాకు కారణాలు చెప్పలేదనడం కూడా నిజం కాదు. బోలెడు చెప్పారు, అన్నీ తినొద్దనడానికే. జామ తింటే జలుబు. రాత్రి తింటే దగ్గు. గింజ మింగితే కడుపులో చెట్టు. నోరు పూస్తే మాత్రం లేత జామాకు నమలమని నాయనమ్మే కోసిచ్చేది. విచిత్రం చూడండి, జలుబని మాకు మాన్పించిన పండునే ఇప్పుడు జలుబుకి మందంటున్నారు. అదీ పూర్తి నిజం కాదు. విటమిన్ సి జలుబును రాకుండా ఆపదు, రోజూ ఒంటికి అందుతుంటే కాస్త ముందుగా తగ్గుతుందంతే.

ఆ లెక్కన చిన్నది అడగడమే మేలేమో. వద్దన్నా ఎందుకని మేమెప్పుడూ అడగలేదు. దానికి రక్తం తక్కువని డాక్టరమ్మ చెప్పి చాలా రోజులైంది. తోటకూర పప్పులో ఇనుము ఒంటికి పట్టాలంటే ఆ పూటే విటమిన్ సి ఉన్నదేదైనా తినాలి, టీ తాగకూడదు. రాత్రి భోజనాలప్పుడు అదే చెప్పాను. "అంటే పప్పులో జామకాయ కలుపుకోవాలా, ఛీ" అంది. కానీ భోంచేశాక నాలుగు ముక్కలు తింది, తొక్కతో సహా. టీ మాట ఎత్తితే మాత్రం వాళ్ళ నాయనమ్మ వైపు చూసింది. అన్నం తినగానే దానికి అరకప్పు టీ పోసిచ్చేది ఆవిడే మరి.

అత్తయ్యగారితో ఈ సంగతి ఎత్తడం అంత సులువు కాదు. ఆవిడకి జామంటే ప్రాణం, పళ్ళు లేక గింజలు నమల్లేరు. రేపు దోరకాయలు తెచ్చి గింజలు తీసేసి, పచ్చిమిర్చి వేసి పచ్చడి చేస్తాను. వేయిస్తే విటమిన్ సి పోతుందని సోఫాలోంచి వినబడుతుంది. వినబడనీ. పచ్చడి కలిపి పెట్టాకే టీ మాట ఎత్తుతాను.