నీడ పేరు

నిన్న రాత్రి పాత పుస్తకాల అట్టపెట్టె సర్దుతుంటే ఉర్సులా లెగ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ బయటపడింది. 1968లో వచ్చిన నవల. నేను చదివింది పన్నెండేళ్లప్పుడు. సర్దడం అక్కడితో ఆగిపోయిందని వేరే చెప్పాలా!

అప్పట్లో నాకు డ్రాగన్లు, మంత్రాలే కనిపించాయి. దేని అసలు పేరు తెలిస్తే దాని మీద పట్టు దొరుకుతుందని కథలోని కుర్ర మాంత్రికుడు గెడ్ నేర్చుకుంటుంటే, నేనూ కుర్చీకి, పిల్లికి రహస్యంగా పేర్లు పెట్టేశాను. (పిల్లి మాత్రం లొంగలేదు.)

ఈసారి నీడ దగ్గర ఆగిపోయాను. పొగరుతో తానే వదిలిన నీడ నుంచి గెడ్ పారిపోతాడు. తర్వాత వెనక్కి తిరిగి దాన్నే తరుముతాడు. చివరికి దాన్ని పిలిచే పేరు, తన పేరే. చిన్నప్పుడు భలే మలుపు అనుకున్నా. ముప్పై దాటాక చదివితే, నా కోపాన్ని ఇన్నేళ్లూ ఎవరెవరి పేర్లతో పిలిచానో గుర్తొచ్చి కాసేపు పేజీ తిప్పలేకపోయాను.

1972లో మూడో పుస్తకంతో ఆగిన కథని ఆవిడ 1990లో ‘టెహాను’తో మళ్లీ అందుకున్నారు. అందులో గెడ్‌కి మంత్రశక్తి పోయింది, మేకలు కాస్తాడు. పదిహేనేళ్లప్పుడు విసుగొచ్చి సగంలో వదిలేశా. ఇప్పుడు దిండు పక్కన ఉన్నది అదే.