సన్నటి చెక్క స్పీడ్‌బోటుకు ఏ ఇంజను, ఎక్కడ?

ఆరు మీటర్ల పొడవు, అడుగున 1.4 మీటర్ల వెడల్పు ఉన్న పడవ. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్, పైన ఎపాక్సీ. ఇంజను, పెట్రోలు, ఇద్దరు మనుషులు అన్నీ కలిపి వెయ్యి కిలోలు. కృష్ణపట్నం ఉప్పుటేట్లోనో, జువ్వలదిన్నె దగ్గరో, కొత్తపట్నం ఒడ్డునో తిరగాలి. ఇలాంటి పడవకు ఇంజను ఎంచుకోవడం గురించే ఈ పోస్టు.

ముందు అందరూ అడిగేది ఎన్ని హార్స్‌పవర్ అని. దానికి క్రౌచ్ సూత్రం ఉంది. బరువును పౌన్లలో తీసుకుని హార్స్‌పవర్‌తో భాగించండి, వచ్చినదానికి వర్గమూలం కట్టండి, 190ని దాంతో భాగించండి. గంటకు ఎన్ని మైళ్లో వస్తుంది. (190 తేలికైన వేగపు పడవలకు. మామూలు వాటికి 150 వేసుకోవాలి.) మన పడవ 2,205 పౌన్లు. 100 హార్స్‌పవర్‌కు 40 మైళ్లు, అంటే 65 కిలోమీటర్లు. 150 పెడితే 80 కిలోమీటర్లు. బలం సగం మేర పెంచితే వేగం పెరిగేది 22 శాతమే. పెద్ద ఇంజను అదనపు బరువు అందులోనూ కొంత తినేస్తుంది.

సన్న పడవకు అసలు చిక్కు వేగం కాదు, టార్కు, అంటే తిరిగే ప్రొపెల్లరు మెలిపెట్టే బలం. 100 హార్స్‌పవర్ ఇంజను 5,500 ఆర్‌పీఎంలో తిరుగుతూ, గేరు 2:1 అయితే ప్రొపెల్లరు 2,750లో తిరుగుతుంది. అక్కడ టార్కు దాదాపు 260 న్యూటన్ మీటర్లు. ఆ మెలి పడవను రెండోవైపు తిప్పాలని చూస్తుంది. 65 కిలోల మనిషి నడిమి గీతకు 40 సెంటీమీటర్లు పక్కగా కూర్చుంటే పడవ ఎంత ఒరుగుతుందో అంతే ఇదీ. వెనకనుంచి చూస్తే ప్రొపెల్లరు కుడివైపుగా తిరుగుతుంది కాబట్టి పడవ ఎడమకు ఒరుగుతుంది. రెండు మీటర్ల వెడల్పున్న పడవలో ఇది తెలియదు, 1.4లో బాగా తెలుస్తుంది. అందుకే డ్రైవరు సీటు కుడివైపు ఉండాలి, ఒక్కరే నడిపేటప్పుడు మరీను. ఇంజను కాలికి ఉండే ట్రిమ్ ట్యాబు అనే చిన్న రెక్క స్టీరింగు లాగుడును సరిచేస్తుంది గానీ ఈ ఒరుగును సరిచేయదు.

ఎదురెదురుగా తిరిగే రెండు ఇంజన్లు పెడితే టార్కు రద్దవుతుంది కదా అంటారు. రద్దవుతుంది. కానీ రెంటి మధ్య కనీసం 65 సెంటీమీటర్లు ఎడం కావాలి. ఇంత సన్నటి పడవ మలుపు తిరిగేటప్పుడు బయటి ఇంజను పైకి లేచి గాలి పీలుస్తుంది. ఇంజన్ల బరువు కూడా 165 కిలోల దగ్గర ఆగాల్సింది 220 దాటుతుంది. నేనైతే వద్దంటాను.

పాతకాలపు చెక్క స్పీడ్‌బోట్లు చాలావరకు లోపలి ఇంజను, నేరు షాఫ్టుతోనే అందంగా ఉండేవి. బరువు మధ్యలో ఉంటుంది కాబట్టి పడవ నిలకడగా పరుగెత్తుతుంది. అయితే షాఫ్టు 10 నుంచి 14 డిగ్రీలు వాలి ఉంటుంది, ప్రొపెల్లరూ చుక్కానీ అడుగు కిందే వేలాడుతుంటాయి, వాటిని పైకెత్తే వీలు లేదు. మన మొగల్లో ఇసుక మేటలు వానాకాలం పోగానే చోటు మారతాయి. ఒక్కసారి తగిలితే షాఫ్టు వంగుతుంది, దాన్ని పట్టుకున్న స్ట్రట్టు పలకను చీల్చుకుని వస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున చేరుతుంది. ఆ ఆవిరిని బయటికి తోడే ఫ్యాను, బ్లోయరు, నాలుగు నిమిషాలు తిప్పకుండా స్టార్టు చేయకూడదు. సోమశిల జలాశయంలాంటి లోతు నీళ్లకైతే ఇదే పెట్టమంటాను.

నీటిని పీల్చి వెనక్కి చిమ్మే జెట్టుకు లోతు అక్కర్లేదు, నిజమే. కానీ ఇసుక లోపల నీటిని తోసే చక్రాన్ని, ఇంపెల్లరును, అరగదీస్తుంది, వల ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క లోపలికి పోతాయి. యాక్సిలరేటరు వదిలితే స్టీరింగు కూడా పోతుంది. ఇంజను లోపల, ప్రొపెల్లరు ఉన్న కాలు వెనక బయట ఉండే స్టెర్న్‌డ్రైవు 1959 నుంచీ ఉంది. ఉప్పునీటిలో నానే అల్యూమినియం కాలు, ఏటేటా చూసుకోవాల్సిన రబ్బరు బెల్లోస్, ట్రాన్సమ్‌లో, అంటే పడవ వెనక గోడలో, పెద్ద కన్నం: ఇంత చిన్న పడవకు అంత తలనొప్పి ఎందుకు? ప్రొపెల్లరు సగం నీటిపైన తిరిగే సర్ఫేస్ డ్రైవు 70 కిలోమీటర్ల లోపు దండగ.

కాబట్టి వెనక గోడకు బయట తగిలించే ఇంజను, ఒక్క అవుట్‌బోర్డు. దీంతో వచ్చే చిక్కు, బరువంతా వెనక చేరడం. ఇంజను లేని 835 కిలోల పడవ బరువు కేంద్రం ట్రాన్సమ్‌కు 2.5 మీటర్ల ముందు ఉంటే, 165 కిలోల ఇంజను తగిలించగానే అది 2.05కు జారుతుంది. అప్పుడు ముక్కు ఎగిరెగిరి పడుతుంది. 45 కిలోల పెట్రోలు ట్యాంకునూ 20 కిలోల బ్యాటరీనీ రెండు మీటర్లు ముందుకు జరిపితే 13 సెంటీమీటర్లు తిరిగొస్తుంది. బ్యాటరీ జరిపినప్పుడు కేబులు లావుది వేయండి, లేకపోతే స్టార్టరు మూలుగుతుంది.

ట్రాన్సమ్ మందం 40 నుంచి 45 మిల్లీమీటర్లు, ఎత్తు 51 సెంటీమీటర్లు, లాంగ్ షాఫ్టు ఇంజను. బోల్టు కన్నం నేరుగా కొట్టొద్దు. 18 మిల్లీమీటర్లతో తొలిచి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక 13తో మళ్లీ తొలచండి. 316 స్టెయిన్‌లెస్ బోల్టులు వాడండి. లేదంటే వాననీళ్లు కన్నంలోంచి ప్లైవుడ్ పొరల్లోకి దిగుతాయి. చెక్కను కుళ్లబెట్టేది ఉప్పునీళ్లకంటే వాననీళ్లే.

ఇంజను కాలి మీద, ప్రొపెల్లరుకు పైన ఉండే అడ్డ పలక పడవ అడుగుకు సమానంగా ఉండేలా మొదలుపెట్టి, ఒక్కో కన్నం, అంటే 19 మిల్లీమీటర్ల చొప్పున పైకి జరుపుతూ పరీక్షించండి. మలుపులో ప్రొపెల్లరు జారినా, చల్లబరిచే నీటి ధార సన్నబడినా ఒక కన్నం దించేయండి.

ప్రొపెల్లరు పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు పోవాల్సిన దూరం) లెక్క: 2,750ని 17 అంగుళాలతో గుణించి 1,056తో భాగిస్తే 44 మైళ్లు. పది శాతం జారుడు తీసేస్తే 40. అంటే 17 సరిపోతుంది. పూర్తి వేగంలో ఆర్‌పీఎం 5,500 అందకపోతే ఒక అంగుళం తగ్గించండి, 150 నుంచి 200 పెరుగుతుంది.

ఇక పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. చాలా అవుట్‌బోర్డు మాన్యువళ్లు 10 శాతానికి మించొద్దంటాయి. కొనేముందు ఆ పేజీ చూడండి. నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టరు పెట్టండి, ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు ఉంచొద్దు. ఉప్పుగాలిలోని తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది, ఆ నీళ్లు అడుగున చేరి ముందు ఇంజనులోకే పోతాయి.