ఎక్కడ దిగుతారండీ?

గుంటూరు నుంచి విజయవాడకి ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్లినవాళ్లకి ఒక విద్య దానంతటదే వస్తుంది. బస్సెక్కగానే కూర్చున్నవాళ్లని వరసగా "ఎక్కడ దిగుతారండీ?" అని అడుగుతూ పోవడం. విజయవాడ అన్నవాళ్లని వదిలేస్తాం. పెదకాకాని అన్నాయన దొరికితే చాలు, ఆయన సీటు పక్కనే కడ్డీ పట్టుకుని పాతుకుపోతాం. ఆయన ఎవరో, ఏం చేస్తుంటాడో మనకి అక్కర్లేదు. త్వరగా దిగిపోతాడు, అందుకే ఆయన మనకి ముఖ్యుడు.

అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఆటగాళ్లని మార్చుకునే పద్ధతి నాకు బోధపడింది ఈ బస్సు పుణ్యాన్నే.

2007లో హెచ్1బి మీద డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దిగాను. పేరుకి ఒక కన్సల్టెన్సీ ఉద్యోగిని, కూర్చునేది వేరే కంపెనీ ఆఫీసులో, మధ్యలో ఇంకో వెండర్. పక్క క్యూబ్‌లో యాభై ఏళ్ల అమెరికన్ ఒకాయన ఉండేవాడు. సాయంత్రాలు పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పేవాడు, అందుకని ఆఫీసులో అందరూ ఆయన్ని కోచ్ అనేవాళ్లు. నేను మొదటి వారం సర్ అన్నాను. వద్దన్నాడు. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరికి నేనూ కోచ్ అనే అన్నాను, ఇద్దరికీ సరిపోయింది.

2008 ఫిబ్రవరిలో ఆఫీసంతా ఒకటే మాట. డాలస్ బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్, న్యూజెర్సీ జట్టు నుంచి ఆటగాడు జేసన్ కిడ్‌ని తెచ్చుకుంటోంది. క్రికెట్ తప్ప ఏమీ తెలియని నాకు, ఆటగాణ్ణి ఆటగాడితో మార్చుకోవడమే వింత. కోచ్ మధ్యాహ్నం భోజనాల దగ్గర పెన్ను, టిష్యూ కాగితం తీసి లెక్క వేసి చూపించాడు. ఆ ఏడాది జట్టు జీతాల పరిమితి సుమారు 5.56 కోట్ల డాలర్లు. పరిమితి దాటిన జట్టు ఎవరినైనా తెచ్చుకోవాలంటే, వచ్చేవాళ్ల జీతాలు, బదులుగా వెళ్లేవాళ్ల జీతాల్లో 125 శాతానికి లక్ష డాలర్లు కలిపిన మొత్తాన్ని దాటకూడదు. కిడ్ జీతం రెండు కోట్ల డాలర్లకి కొంచెం తక్కువ. అంత జీతం అవతలి పళ్లెంలో వేయాలి. ఆట సంగతి తర్వాత, ముందు త్రాసు సరిపోవాలి.

మొదట అనుకున్న బేరం ఒక మామూలు ఆటగాడి దగ్గర ఆగిపోయింది. ఆయన డెవియన్ జార్జ్. ఒక్క ఏడాది కాంట్రాక్టులో ఉండి, సీజన్ అయ్యాక అదే జట్టులో కొన్ని ప్రత్యేక హక్కులు పొందబోయే ఆటగాణ్ణి, అతను ఒప్పుకోకుండా మార్చడానికి లేదు. మారితే ఆ హక్కులు పోతాయి. జార్జ్ నేను వెళ్లనన్నాడు. సొంత మైదానంలోనే జనం గేలి చేశారు. వాళ్లతో పాటు ఇంట్లో టీవీ ముందు కూర్చుని నేనూ తిట్టాను.

అప్పుడు డాలస్ వాళ్లు తీసిన ఉపాయం చూసి ముక్కున వేలేసుకున్నాను. కీత్ వాన్ హార్న్ అనే ఆయన 2006 తర్వాత బంతి పట్టుకోలేదు, ఇంట్లో కూర్చున్నాడు. కానీ అధికారికంగా రిటైర్ కాలేదు, హక్కులు డాలస్ దగ్గరే ఉన్నాయి. ఆయనతో సంతకం పెట్టించి, సుమారు 43 లక్షల డాలర్ల జీతం రాసి, కిడ్ బేరంలో న్యూజెర్సీకి పంపేశారు. అక్కడా ఆయన ఆడలేదు, ఎవరూ ఆడమననూ లేదు. మూడేళ్ల కాంట్రాక్టు అన్నారు కానీ గ్యారంటీ మొదటి ఏడాదికే.

"ఆడనివాడికి ఇంత డబ్బా?" అన్నాను.

"వాళ్లు కొన్నది ఆటగాణ్ణి కాదు, కాగితాన్ని" అన్నాడు కోచ్.

అదే నెలలో మెంఫిస్ జట్టు తన పెద్ద ఆటగాడు పావ్ గసోల్‌ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ఇచ్చేసింది. బదులుగా వచ్చినవాళ్లలో పెద్ద జీతం క్వామే బ్రౌన్‌ది, దాదాపు 90 లక్షల డాలర్లు. జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే 2001 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైనవాడు, ఆటలో మాత్రం ఆ పేరు నిలబెట్టుకోలేదు. అయినా మెంఫిస్ ఎందుకు తీసుకుందంటే, అతని కాంట్రాక్టు ఆ వేసవితో అయిపోతుంది, ఆ జీతం లెక్కలోంచి దిగిపోతుంది. గసోల్ కాంట్రాక్టులో ఇంకా ఏళ్లున్నాయి. దూరప్రయాణికుణ్ణి ఇచ్చి పెదకాకాని ప్రయాణికుణ్ణి తీసుకున్నట్టు. దేశమంతా మెంఫిస్‌ని చూసి నవ్వింది. అదే బేరంలో గసోల్ తమ్ముడు మార్క్ హక్కులూ మెంఫిస్‌కి వచ్చాయని అప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు. 2013లో లీగ్‌లో ఉత్తమ డిఫెండర్ ఆ తమ్ముడే.

అమ్మ ప్రతి ఆదివారం ఫోన్‌లో ఒకే ప్రశ్న అడిగేది. "ఉద్యోగం పర్మనెంటేనా నాన్నా?" మా బాబాయి జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. ఏటా రెన్యువల్ వస్తుందా రాదా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవాళ్లు. మా ఇంట్లో కాంట్రాక్టు అంటే సగం ఉద్యోగం. ఇక్కడ ఏడేళ్ల కాంట్రాక్టుకి ఏడు కోట్ల డాలర్లిస్తారని చెబితే, "అది వేరే కాంట్రాక్టు అయ్యుంటుందిలే" అంది. నిజమే.

ఆ ఏడేళ్ల కాంట్రాక్టు రేఫ్ లాఫ్రెంట్జ్‌ది. 2002 వేసవిలో డాలస్ రాసిచ్చింది. ఆ కాగితం ఆయనతో పాటు బోస్టన్ వెళ్లి, అక్కణ్ణించి పోర్ట్‌లాండ్ చేరింది. 2008-09 దాని ఆఖరి ఏడాది, జీతం దాదాపు 1.27 కోట్లు. భుజం దెబ్బతో ఆ సీజన్లో ఒక్క ఆటా ఆడలేదు. అయినా పోర్ట్‌లాండ్ అభిమానులు ఆ ఏడాది ఎక్కువగా మాట్లాడుకున్నవాళ్లలో ఆయనొకడు. "రేఫ్ లాఫ్రెంట్జ్ ఎక్స్‌పైరింగ్ కాంట్రాక్ట్" అని ప్రతిసారీ అనలేక RLEC అని నాలుగు ఇంగ్లీషు అక్షరాల పొట్టిపేరు కూడా పెట్టుకున్నారు. మనిషి పేరు మొదటి రెండక్షరాల్లో ఇరుక్కుంది. ఎవరిని తెస్తారో దీనితో అని నెలల తరబడి ఊహించారు. 2009 ఫిబ్రవరిలో ఆటగాళ్లని మార్చుకునే గడువు దాటింది, ఎవరినీ తేలేదు. వేసవిలో కాంట్రాక్టు ఊరికే అయిపోయింది.

సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే మా మేనేజర్ మీటింగ్‌లో ప్రొజెక్టర్ మీద ఒక ఎక్సెల్ షీట్ తెరవబోయి ఇంకొకటి తెరిచాడు. రెండు మూడు క్షణాలే. పర్మనెంట్ వాళ్ల వరసలు ఎర్రగా, కొన్ని తెల్లగా ఉన్నాయి. ఒకటే పచ్చగా ఉంది. పేరు లేదు. "కాంట్రాక్టర్ 3, జూన్ 30". మా టీమ్‌లో మూడో కాంట్రాక్టర్ని నేనే. దాని పక్క గడిలో ఇంకో డిపార్ట్‌మెంట్ పేరు.

పచ్చరంగు చూసి నేను సంతోషించాను. ఎక్స్‌టెన్షన్ వచ్చిందనుకున్నాను, మన అలవాటు ప్రకారం పచ్చ అంటే పాస్ కదా.

కోచ్ మర్నాడు పార్కింగ్‌లో కారు పక్కన నిలబెట్టి చెప్పాడు. మేనేజర్‌కి పై అంతస్తులో ఉన్న డేటాబేస్ మనిషి ఒకడు కావాలి. కొత్తగా ఎవర్నీ తీసుకోకూడదని ఆ మాంద్యంలో ఆంక్ష. అందుకని, "జూన్‌లో నా దగ్గర ఒక సీటు ఖాళీ అవుతుంది, ఆ బడ్జెట్ మీరు తీసుకోండి, ఆయన్ని ఇప్పుడే నాకివ్వండి" అని పై అంతస్తు వాళ్లతో మాట్లాడుకున్నాడు. ఎక్స్‌టెన్షన్ ఇస్తే ఆ బేరం లేదు. నేను పోతేనే ఉంది.

ఆ తర్వాతి వారం అదే మేనేజర్ నా పని చాలా బాగుందని అందరి ముందూ మెచ్చుకున్నాడు. చాలాకాలం దాన్ని నటన అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. పని నిజంగానే బాగుంది. ఆ షీట్‌లో పనికి ఒక గడి లేదు, అంతే. నేను ఇంకా బాగా చేసినా, పూర్తిగా చెడగొట్టినా జూన్ 30 జూన్ 30నే వస్తుంది.

అప్పటినుంచి డెవియన్ జార్జ్‌ని తిట్టడం మానేశాను. అతని వెనక ఒక యూనియన్ ఉంది, ఒక నిబంధన ఉంది, కాదనడానికి ఒక నోరు ఉంది. నా కాగితం గురించి నన్ను ఎవరూ అడగలేదు, అడగాల్సిన నిబంధనా లేదు. వాన్ హార్న్‌తో పోల్చుకోవడమైతే మరీ అన్యాయం. ఆయనకి ఆడనందుకు 43 లక్షలు. నాకు గంటల లెక్క.

జూన్ 30 సాయంత్రం బ్యాడ్జి ఇచ్చేసి బయటికొచ్చి, మన భాషలో చెప్పాలంటే, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, కూర్చున్నాను. బాస్కెట్‌బాల్‌లో బెంచ్ మీదున్నవాడికీ జీతం ఆగదు. చట్టం ప్రకారం హెచ్1బి వాడికీ ఆగకూడదు. కన్సల్టెన్సీ ఆయనకి ఆ సంగతి గుర్తుచేస్తే, "మనవాళ్లమే కదా తమ్ముడూ, ప్రాజెక్టు రానీ, సర్దుకుందాం" అన్నాడు. ఉద్యోగం పోయినవాడికి ఇప్పుడున్న అరవై రోజుల గడువు 2017లో వచ్చింది, అప్పట్లో అదీ లేదు. ఐదు వారాల టెన్షన్. అమ్మకి ఆదివారాలు "బానే ఉందమ్మా" అని చెప్పాను. ఆరో వారం ప్లేనోలో పని దొరికింది. ఆ ఐదు వారాల జీతం ఇంకా సర్దుకోలేదు.

కోచ్‌తో ఫోన్లు ఆగలేదు. 2010 జులైలో ఫోన్ చేసి, "చూశావా డాంపియర్ సంగతి?" అన్నాడు. ఎరిక్ డాంపియర్ డాలస్‌లో చాలా ఏళ్లున్న సెంటర్, అంటే బుట్ట దగ్గర కాపు కాసే పొడుగాటి ఆటగాడు. ఆయన కాంట్రాక్టు ఆఖరి ఏడాదికి దాదాపు 1.3 కోట్ల జీతం, కానీ పైసా గ్యారంటీ లేదు. తీసుకున్న జట్టు వెంటనే వదిలేస్తే జీతం ఇవ్వక్కర్లేదు. ఇది ఎక్కగానే దిగిపోయే ప్రయాణికుడి లాంటిది. షార్లట్ జట్టు దాన్ని తీసుకుని టైసన్ చాండ్లర్‌ని ఇచ్చింది, సెప్టెంబరులో డాంపియర్‌ని వదిలేసింది. నవంబరులో మయామీ చేర్చుకుంది.

2011 జూన్ 12న డాలస్ ఫైనల్స్ గెలిచింది. కిడ్‌కి ముప్ఫై ఎనిమిదేళ్లు, అదే మొదటి టైటిల్. ఓడింది మయామీ. డాంపియర్ ఆ జట్టులోనే ఉన్నాడు.

ఆ వేసవి అమ్మ మా దగ్గరే ఉంది. ఆట అర్థం కాకపోయినా రాత్రి చివరిదాకా కూర్చుంది. బుట్ట కింద అడ్డంగా నిలబడి బంతులు లాక్కుంటున్న చాండ్లర్ ఆవిడకి బాగా నచ్చాడు.

"ఆ పొడుగాయన మీ ఊరి జట్టులో పర్మనెంటేనా?" అంది.

"కాదమ్మా. ఆయన కాంట్రాక్టు కూడా ఈ ఏడాదితో అయిపోతుంది."

"ఇంత బాగా ఆడుతుంటేనా?" అని నావైపు తిరిగి చూసింది.

డిసెంబరులో చాండ్లర్ న్యూయార్క్ వెళ్లిపోయాడు. అప్పటికి అమ్మ గుంటూరులో ఉంది, ఆదివారం ఫోన్‌లో ఆ సంగతి చెప్పలేదు.