నా అనుభవం: పెల్లెట్ స్టవ్ తలుపూ, నేను పెట్టిన సంతకమూ

మాది సెమిలిగూడ. కోరాపుట్ కొండల మీద డిసెంబరు చలి ఎలా ఉంటుందో విశాఖ చుట్టాలకు చెబితే నవ్వుతారు. మా నాలుగు గదుల లాడ్జి హాల్లో కిందటేడు పెల్లెట్ స్టవ్ పెట్టించాను. రంపపు పొట్టును ఒత్తి చేసిన గుళికలు అందులో మండుతాయి. ఈ చలికాలం దానికేదో తెగులు పట్టింది. గంట తిరగకుండానే అద్దం మసిబారేది, మంట బద్ధకంగా ఎర్రగా ఊగేది, కాసేపటికి గుళికలు పడటమే ఆగిపోయేది.

కారణం తలుపు సందు. పొగను లాగే ఫ్యాను వల్ల పొయ్యి లోపల పీడనం తగ్గుతుంది. సందులోంచి గాలి దూరితే ఆ తగ్గుదల నిలవదు, ఆ పీడనాన్ని కనిపెట్టే ప్రెషర్ స్విచ్ గుళికలను మంటలోకి నెట్టే మరను ఆపేస్తుంది. సందు మూసేందుకు తలుపు చుట్టూ ఉండే తాడు అరిగిందనుకున్నాను. కొట్టువాడు ఆస్బెస్టాస్ తాడు అంటగట్టబోయాడు. ఊపిరితిత్తులు కావాలనుకునేవాళ్లు దాన్ని ముట్టుకోకండి. విజయనగరం నుంచి సాలూరు ఘాట్ మీదుగా వచ్చే బస్సులో ఫైబర్ గ్లాస్ తాడు తెప్పించి, గాడిలో పాత జిగురు గీకి, వేడికి ఆగే సిలికాన్ రాసి, తాడును సాగదీయకుండా కూర్చాను. తలుపు మూసి ఒక రోజు వదిలేశాను. తెగులు మాత్రం వదల్లేదు.

అప్పుడు కంపెనీకి ఫోను చేశాను. "తలుపు సరిగ్గా వేశారా?" అని ముగ్గురు మూడుసార్లు అడిగారు. చివరికి ఒక కుర్రాడు వచ్చాడు. హాల్లో ఆరుగురు అతిథులు టీ తాగుతున్నారు. పిడి పట్టుకుని, తలుపును కాస్త పైకెత్తి మూశాడు. మంట వెంటనే నిటారుగా లేచింది. "ఇంతే సార్, మీకు వేయడం రావడం లేదు" అన్నాడు. వాళ్లందరి ముందూ నా చేత నాలుగుసార్లు మూయించాడు. ఒకాయన నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా లాడ్జి నడుపుతున్నవాణ్ణి! ఆ కుర్రాడు కాగితం మీద "వినియోగదారుడి పొరపాటు" అని రాసి, నా సంతకం తీసుకుని, రాకపోకల ఖర్చు కింద పన్నెండు వందలు పట్టుకుపోయాడు.

ఎత్తితే గానీ కుదురుకోని తలుపు కుంగిన తలుపే కదా! ఆ మాట వాడికి తోచలేదు, సిగ్గులో నాకూ తోచలేదు.

మా గేటుకు వెల్డింగు చేయడానికి వచ్చిన ముసలాయన చూశాడు. తలుపు తెరిచి, "తాడు మీద గీత చూడు బాబూ" అన్నాడు. చట్రం అంచు నొక్కిన గీత అది. కింద తాడు మధ్యలోనే ఉంది. పిడి వైపు పై మూలకు వచ్చేసరికి తాడు దాటి ఇనుము మీదికి ఎక్కింది. కీలు మేకులు అరిగి తలుపు ఒరిగిపోయింది, అంతే. కొత్త మేకులు బిగుతుగా చేసి వేసి, కింది కీలులో ఒక వాషరు పెట్టాడు. నూట యాభై తీసుకున్నాడు. నేను మూడు వందలిచ్చాను.

తాడు మార్చే ముందు ఆ గీత చూసుకోండి. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు సందులో కాగితం పెట్టి తలుపు మూసి, లాగి చూడండి. సులువుగా జారి వస్తే అక్కడ గాలి దూరుతున్నట్టే. ఈలోగా ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

నేను ఆ పరీక్షకు కంపెనీ కుర్రాడు ఇచ్చిన కాగితమే వాడాను. పై మూలలో పెట్టి లాగితే రాలేదు. నా సంతకం దగ్గర చిరిగింది.