వేయడం ఒక ఎత్తు, తీయడం ఒక ఎత్తు: పికప్‌లో ఫోర్‌వీల్ డ్రైవ్‌తో నా అనుభవం

నర్సీపట్నంలో ఉంటూ చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు మండలాల్లోని కొండ గ్రామాలకు సౌర పంపులు బిగించడం, పాడైనవాటిని బాగుచేయడం నా వృత్తి. ప్యానెళ్లు, పైపులు, ఇనుప స్టాండ్లు, నాలుగైదు సిమెంటు బస్తాలు, వాటితోపాటు ఇద్దరు పనివాళ్లు కొండ ఎక్కాలంటే మామూలు ట్రాలీ ఆటో తారు రోడ్డు చివరనే ఆగిపోతుంది. అక్కడి నుంచి సామాను మోతకే సగం రోజు పోతుంది. అందుకని ఇసుజు డీమ్యాక్స్ వీ-క్రాస్ 2.5 లీటర్ల పాత మోడల్‌ను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 2016లో మన శ్రీసిటీలోని కర్మాగారంలో తయారీ మొదలైన బండి ఇది. ఇందులో 2హెచ్, 4హెచ్, 4ఎల్ అనే మూడు గుర్తులున్న గుండ్రటి నాబ్ ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పడానికి రెండు వేళ్లు చాలు. ఎప్పుడు తిప్పాలో, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు వెనక్కి తిప్పాలో ఒంటబట్టడానికి మాత్రం ఒక వానాకాలం పూర్తిగా పట్టింది.

2హెచ్‌లో ఇంజను బలం వెనుక చక్రాలకు మాత్రమే వెళ్తుంది. 4హెచ్‌లో మామూలు గేర్లతోనే ముందు ఇరుసుకు కూడా వెళ్తుంది. 4ఎల్‌లో రెండు ఇరుసులకూ వెళ్తూనే, ఇంజను బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు అనే పెట్టెలోని చిన్న గేరు వల్ల వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గి, లాగే బలం దాదాపు అంతే పెరుగుతుంది. ఇంతవరకు బండితో వచ్చే పుస్తకంలోనే ఉంటుంది. దీన్ని పార్ట్‌టైమ్ అని ఎందుకంటారో, అంటే రోజంతా 4హెచ్‌లోనే ఎందుకు తిరగకూడదో, ఆ సంగతిని నాకు అర్థమయ్యేలా చూపించినది మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన. ఏజెన్సీలో జీపులు నడుపుతూనే ఆయన జీవితం గడిచింది.

ఒక ఆదివారం ఆయన నన్ను ఖాళీగా ఉన్న సిమెంటు గచ్చు మీదికి తీసుకెళ్లి, బండిని 4హెచ్‌లో పెట్టించి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, మనిషి నడిచేంత వేగంతో రెండు మూడు మీటర్లు మాత్రం పోనివ్వమన్నారు. యాక్సిలరేటరు నొక్కుతున్నా బ్రేకు పట్టి ఉంచినట్టు బండి బిగుసుకుపోయింది. స్టీరింగు చేతిలో బరువెక్కింది. ముందు టైర్లు గచ్చు మీద కీచుమంటూ గెంతులేశాయి. "చాలు బాబూ, ఇంకా పోనిస్తే లోపల పళ్లు అరుగుతాయి" అని ఆపించి, పక్కనే వానకు తడిసిన ఎర్రమట్టి మైదానంలోకి దింపించి, అదే మలుపును అదే వేగంతో తిప్పించారు. అక్కడ ఏ ఇబ్బందీ లేకుండా తిరిగింది.

కారణం చాలా సులభమైనది. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటే పెద్ద వలయంలో తిరుగుతాయి. నా బండి ఇరుసుల మధ్య దూరం 3.1 మీటర్లకు కాస్త తక్కువ. వెనుక ఇరుసు మధ్యభాగం 6 మీటర్ల వ్యాసార్థంతో తిరిగితే, ముందు ఇరుసు మధ్యభాగం సుమారు 6.75 మీటర్ల వ్యాసార్థంతో తిరగాలి. లంబసింగి ఘాట్‌లోని ఒక హెయిర్‌పిన్ మలుపు పూర్తయ్యేసరికి ముందు చక్రాలు వెనుకవాటికంటే రెండు మీటర్లకు పైగా ఎక్కువ దూరం నడవాలన్నమాట. ఆల్‌వీల్ డ్రైవ్ కార్లలో ఈ తేడాను సర్దడానికి మధ్యలో డిఫరెన్షియల్ అనే, రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికో, క్లచ్చో ఉంటుంది. పార్ట్‌టైమ్ వ్యవస్థలో అలాంటిదేమీ లేదు. 4హెచ్ వేయగానే ముందు, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులు, అంటే ఇరుసులకు బలాన్ని మోసే పొడవాటి కడ్డీలు, ఒకదానికొకటి బిగుసుకుని ఒకే వేగంతో తిరుగుతాయి. తేడా ఎక్కడో ఒకచోట తీరాలి కాబట్టి, మట్టి మీదనైతే టైరు కాస్త జారి తీర్చేస్తుంది. పొడి తారు మీద టైరు జారదు. ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, ట్రాన్స్‌ఫర్ కేసులో మెలిపడి పేరుకుపోతుంది. అందువల్ల నేను నాబ్ మీద చెయ్యి వేసే ముందు చూసేది రోడ్డు కష్టంగా ఉందా, సులువుగా ఉందా అని కాదు. ఈ నేల మీద టైరుకు జారే వీలుందా లేదా అన్నది. ఎంత నిటారు ఘాట్ అయినా తారు పొడిగా ఉంటే 2హెచ్‌లోనే ఎక్కాలి. వానకు తడిసిన తారు కూడా మలుపుల్లో టైరును గట్టిగానే పట్టుకుంటుంది కనుక, ఘాట్ రోడ్డు మీద వానలో కూడా నేను 2హెచ్‌లోనే వేగం తగ్గించి వెళ్తాను. మట్టి కొట్టుకొచ్చి రోడ్డును కప్పేసిన చోట్ల మాత్రమే 4హెచ్ వేస్తాను.

తీయడంలో వచ్చే చిక్కు కూడా ఈ మెలి వల్లే వస్తుంది. మట్టి బాట దాటి తారు ఎక్కాక నాబ్‌ను 2హెచ్‌కు తిప్పినా, డాష్‌బోర్డు మీది ఫోర్‌వీల్ దీపం ఆరకుండా మిణుకుమిణుకుమంటూ ఉండిపోవడం కద్దు. షాఫ్టుల్లో బిగువు ఉన్నంతవరకు పళ్లు విడివడవు. అప్పుడు నాబ్‌ను అటూ ఇటూ తిప్పి లాభం లేదు. స్టీరింగును ఎటూ తిప్పకుండా ఉంచి, యాక్సిలరేటరు వదిలి, కొంత దూరం తిన్నగా పోనిస్తే ఆరిపోతుంది. అప్పటికీ ఆరకపోతే, వెనుక ఎవరూ లేరని చూసుకుని కొన్ని మీటర్లు తిన్నగా రివర్స్ చేస్తే టక్కున వదులుతుంది. పెద్దాయన మాటల్లో చెప్పాలంటే, "ఫోర్‌వీలు వేయడం ఎవరైనా వేస్తారు బాబూ, తీయడం దగ్గరే డ్రైవరు తెలుస్తాడు." అందుకే ఇప్పుడు తారు రోడ్డు కనబడుతుండగానే, ఇంకా మట్టి మీద ఉండగానే 2హెచ్‌కు మార్చేస్తున్నాను.

వేయడం విషయంలోనూ ముందుచూపే కావాలి. నా బండిలో 2హెచ్ నుంచి 4హెచ్‌కు నడుస్తుండగానే మార్చవచ్చు. కాని వెనుక చక్రాలు అప్పటికే బురదలో గిర్రున తిరుగుతున్నప్పుడు మార్చకూడదు. నిలిచి ఉన్న ముందు ఇరుసును, వేగంగా తిరుగుతున్న షాఫ్టుకు ఒక్కసారిగా తగిలించినట్టవుతుంది. పైగా చక్రం అప్పటికే గొయ్యి తవ్వేసి ఉంటుంది. బురద కనబడగానే, దానిలోకి దిగకముందే, తిన్నగా పోతూ మార్చుకోవాలి. పికప్‌లకు ఇది మరీ అవసరం. ఎందుకంటే లోడు దించేశాక తొట్టె ఖాళీ అయి వెనుక ఇరుసు మీద బరువు పోతుంది. ఎక్కేటప్పుడు 2హెచ్‌లో నిక్షేపంగా ఎక్కిన ఎర్రమట్టి బాట మీదే, తిరుగు ప్రయాణంలో వెనుక చక్రాలు ఊరికే జారుతాయి. లోడుతో వెళ్లేటప్పటికంటే ఖాళీగా వచ్చేటప్పుడే నేను 4హెచ్ ఎక్కువగా వాడుతున్నానంటే కొత్తవాళ్లు నమ్మరు.

4ఎల్ పద్ధతి వేరు. బండిని పూర్తిగా ఆపి, క్లచ్ నొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, అప్పుడు నాబ్ తిప్పి, దీపం మిణుకు మాని స్థిరంగా వెలిగేవరకు ఆగాలి. ఆ రెండు క్షణాలు ఆగే ఓపిక లేకపోతేనే గేర్లు కరకరమంటాయి. 4ఎల్‌ను చాలామంది ఎక్కడానికని అనుకుంటారు గాని, నా మటుకు నాకు దాని విలువ దిగేటప్పుడే తెలిసింది. రాళ్లు తేలిన నిటారు బాటలో 4ఎల్ మొదటి గేరులో పెట్టి, రెండు పాదాలూ పెడళ్ల మీది నుంచి తీసేస్తే, ఇంజను తానే బండిని పట్టుకుని నడక వేగంతో దించుతుంది. అక్కడ అలవాటు కొద్దీ క్లచ్ నొక్కితే ఆ పట్టు మొత్తం పోతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగిసి బండి అడ్డంగా జారుతుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ కదలడానికి సాయపడుతుంది గాని ఆగడానికి సాయపడదు. బ్రేకులు ఏ బండికైనా నాలుగు చక్రాలకే ఉంటాయి. 4హెచ్‌లో బండి బురద మీద హాయిగా వేగం అందుకోవడం చూసి, అంత హాయిగానూ ఆగుతుందనుకోవడం ప్రమాదకరం.

నాలుగు చక్రాలకూ బలం వెళ్తుందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఒక్కో ఇరుసులో ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉంటుంది; ఆ రెండు చక్రాలనూ కలిపి బిగించే లాక్ నా బండిలో లేదు. బాట ఎగుడుదిగుడుగా ఉండి, ముందు ఎడమ చక్రం, వెనుక కుడి చక్రం ఐమూలగా గాలిలోకి లేచినప్పుడు, ఆ రెండే గిరగిర తిరుగుతాయి. నేలను పట్టుకున్న మిగతా రెండూ కదలవు. అలాంటప్పుడు ఇంజనును గోల పెట్టించడం మాని, కిందికి దిగి, లేచిన చక్రం కింద రాళ్లు పేర్చడమే తక్షణ మార్గం.

గెడ్డల (కొండవాగుల) దగ్గర మాత్రం నాకు బండి మీదకంటే కాళ్ల మీద నమ్మకం ఎక్కువ. ముందు పనివాళ్లలో ఒకరు కర్రతో నడిచి లోతూ, అడుగున రాళ్లూ చూస్తారు. నీరు మోకాలికి లోపు ఉండి, ఒరవడి లేకపోతేనే, 4ఎల్ రెండో గేరులో, మధ్యలో గేరు మార్చకుండా, ఒకే వేగంతో దాటుతాను. కాజ్‌వే మీది నుంచి నీరు జోరుగా పొర్లుతుంటే తగ్గేవరకు ఆగడం తప్ప మరో మాట లేదు; నీరు ఎత్తేసిన బండికి ఎన్ని చక్రాలు తిరిగినా ఒకటే. గెడ్డ పక్కన వదులు ఇసుక ఉంటే టైర్లలో గాలిని 18 పీఎస్ఐ దాకా తగ్గించి నెమ్మదిగా దాటుతాను. మళ్లీ తారు ఎక్కకముందే నింపుకోవాలి కాబట్టి, బండి బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు సీటు కింద ఉంటుంది.

టైర్ల విషయంలో మా దగ్గర ఒక అలవాటుంది: అరిగిన రెండు మార్చేసి మిగతా రెండూ అలాగే నడిపించడం. పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ బండికి ఇది పనికిరాదు. ఒక ఇరుసు మీద కొత్త టైర్లు, ఇంకో ఇరుసు మీద 5 మిల్లీమీటర్లు అరిగినవి ఉంటే, నా బండి టైరు సైజుకు లెక్కేస్తే కిలోమీటరుకు సుమారు 13 మీటర్ల తేడా వస్తుంది. అంటే తిన్నని రోడ్డు మీద కూడా రెండు షాఫ్టులు పోట్లాడుకుంటూనే ఉంటాయి. అందుకే నాలుగూ ఒకే సైజు, ఒకే కంపెనీవి ఉంచి, సమంగా అరిగేలా ముందువి వెనక్కి, వెనుకవి ముందుకు మారుస్తూ, చివరికి నాలుగూ ఒకేసారి మారుస్తాను.

వేసవిలో కొండ పని తగ్గి నెలల తరబడి ఫోర్‌వీల్ అవసరమే రాదు. అయినా నెలకొకసారి ఏదో ఒక మట్టి బాట చూసుకుని, ఓ పదిహేను కిలోమీటర్లు 4హెచ్‌లో, ఒక నిమిషం 4ఎల్‌లో నడుపుతాను. లోపలి గేర్లకు నూనె అందుతుంది, నాబ్ మాట వింటుందో లేదో కూడా తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి బండి కొనేవారు కూడా ఇంజను విని తృప్తిపడకుండా, మట్టి మీద 4హెచ్, 4ఎల్ రెండూ వేయించి, దీపాలు వెలిగి ఆరడం చూసి మరీ బేరం మాట్లాడటం మంచిది. ఇక వానలు తగ్గాక మేస్త్రి దగ్గర ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ల ఆయిల్ కొద్దిగా తీయించి చూస్తాను. పాలు కలిసినట్టు తెల్లబడి ఉంటే గెడ్డ నీరు లోపలికి చేరినట్టే. అప్పుడు కిలోమీటర్ల లెక్క చూడకుండా ఆయిల్ మొత్తం మార్పించి, సీళ్లు కూడా చూడమంటాను.