సిమెంటు ల్యాబు నుంచి సైన్సు క్లాసుకి

డీఎస్సీలో, అంటే సర్కారు టీచర్ల నియామక పరీక్షలో, నాకు పోస్టు వచ్చిందని తెలిసినప్పటి నుంచి ప్లాంటులో నాతో పనిచేసినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తున్నారు. "అన్నా, నేను గూడా వచ్చేస్తానన్నా, ఈ నైట్ షిఫ్టులు ఇంక నాతో కాదు" అని. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది, అందుకే రాసి పెడుతున్నా, ఇకమీదట అడిగినవాళ్ళకి ఇదే పంపిస్తా.

నా సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కడపలో బీఎస్సీ ఎంపీసీ, అది అయిన వెంటనే ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో కెమిస్టు. ముప్పై దాటి చానాళ్ళయ్యాక బీఎడ్. ఇప్పుడు జమ్మలమడుగు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నా.

మొదట డబ్బుల సంగతి తేల్చుకోండి. ఒకప్పుడు బీఎడ్ ఏడాదిలో అయిపోయేది, 2015 నుంచి రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ జీతం ఉండదు. మా ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్ కాబట్టి ఇల్లు నడిచింది, లేకుంటే నేనీ పనికి దిగేవాణ్ణే కాదు. మీకు ఎవరో ఒకరు "నాన్ అటెండింగ్ ఉంది, ఫీజు కట్టి పరీక్షలకి వస్తే చాలు" అని కచ్చితంగా చెప్తారు. దాని జోలికి పోవద్దు. బీఎడ్‌లో సగం రికార్డులు రాయడమే, దాంట్లో నాకొచ్చిన లాభం సున్నా, కానీ రెండో ఏడు పదహారు వారాలు బడికి పంపుతారు చూడండి, దాని కోసమన్నా రోజూ పోవాలి. అరవై మంది పిల్లల ముందు చాక్‌పీసు పట్టుకుని నిలబడితే నోరు ఎట్లా ఎండిపోతుందో తెలిసేది అక్కడే.

తర్వాత డీఎస్సీ. ఇది మన చేతుల్లో లేని వ్యవహారం. 2018 నోటిఫికేషన్ తర్వాత నియామకాలదాకా వచ్చింది మళ్ళీ 2025లోనే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి ఇచ్చారు, రద్దయింది, ఆ తర్వాత మెగా డీఎస్సీ అని 16,347 పోస్టులు. ఓసీలకి వయసు 44 దాకా పెంచారు కాబట్టి నాలాంటి వాళ్ళం చాలామందిమి గట్టెక్కాం, ప్రతిసారీ అట్లా ఉంటుందనుకోవద్దు. స్కూల్ అసిస్టెంటు (హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే టీచరు) పరీక్షలో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు, మొత్తం 80. మిగతా 20 టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) మార్కుల నుంచి కలుపుతారు, కాబట్టి టెట్ ఏదో పాసైతే చాల్లే అనుకుంటే మునుగుతారు. పదేళ్ళు సిమెంటు కిల్న్ (రాయి కాల్చే పెద్ద కొలిమి) పక్కన నిలబడ్డానంటే అర మార్కు కూడా రాదు. వెయిటేజీలన్నీ చూసుకుని, డీఎస్సీ కోచింగులకి పేరున్న అవనిగడ్డలో రూము తీసుకుని కూర్చున్న పాతికేళ్ళ పిల్లలతో మన పోటీ, వాళ్ళకి జ్ఞాపకశక్తి ఎక్కువ, మనకి పిల్లల ఫీజులూ ఈఎంఐలూ ఎక్కువ.

మరి ఆ అనుభవం ఎందుకూ పనికిరాదా అంటే, వస్తుంది, అయితే ఉద్యోగం తెచ్చుకోవడానికి కాదు, ఉద్యోగంలో చేరాక.

పదో తరగతిలో మొదటి పాఠమే రసాయన చర్యలు. సున్నపురాయిని వేడి చేస్తే కాల్షియం ఆక్సైడు, కార్బన్ డయాక్సైడు వస్తాయని పుస్తకంలో రెండు లైన్లు. మా క్లాసులో సగం మంది నాయనలు నాపరాళ్ళ గనుల్లోనో పాలిష్ ఫ్యాక్టరీల్లోనో పనిచేసేవాళ్ళు. ఒక నాపరాయి ముక్క తెచ్చి దానిమీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కలు వేస్తే బుసబుసమని పొంగింది. అందరూ ముందుకి తోసుకొచ్చారు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు తెరవని ఒక పాప, "సార్, మా ఇంట్లో పొయ్యి బండ మీద నిమ్మకాయ పిండితే తెల్లమచ్చ పడింది, తుడిస్తే పోలే, మాయమ్మ నన్ను తిట్టింది, అదీ ఇదీ ఒకటేనా?" అంది. ఒకటే తల్లీ, నిమ్మరసంలో ఉండేదీ ఆసిడే, అది బండ పైపొరని తినేసింది, మచ్చ తుడిస్తే పోయేది కాదు, మళ్ళీ పాలిష్ పట్టాల్సిందే. ఆ పాప ముఖం చూడాలి, అమ్మ మీద కేసు గెలిచినట్టు.

ఇంకొకరోజు లెక్క వేయించా. స్వచ్ఛమైన సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలే. "మిగతా 44 కిలోలు యాడికి పోయింది సార్?" అన్నాడు ఒకడు. నాకు కావలసింది ఆ ప్రశ్నే. ల్యాబులో ఒక గ్రాము పొడి క్రూసిబుల్లో వేసి, ఫర్నేసులో పెట్టి తీసి, చల్లారాక తూకం వేసి ఎంత తగ్గిందో రాయడం ఏళ్ళ తరబడి నా పని. ఆ 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాలిలో కలిసిపోతుందని, రోడ్డు మీద పోతూ చూసే ఫ్యాక్టరీ గొట్టంలోంచి కంటికి కనబడకుండా పోయేది అదేనని చెబితే, బెల్లు కొట్టినా లేవలేదు.

ఇవి చెప్పి ఊరిస్తున్నా గానీ వారంలో ఇట్లాంటి పీరియడ్లు తక్కువే. మిగతా వారమంతా, పదో తరగతికి వచ్చినా భాగహారం రాని పిల్లలకి సమీకరణం తుల్యం చేయడం నేర్పించడం, యాప్‌లో ముఖం చూపించి హాజరు వేసుకోవడం, భోజనం లెక్కలు. ప్లాంటులో ఒక మాట అంటే పక్కవాడికి అర్థమయ్యేది, ఇక్కడ అదే మాట నాలుగు రకాలుగా చెప్పాలి, నాలుగోసారికి కూడా మొదటిసారి చెప్పినంత ఓపిక ఉండాలి. నాకు ఇప్పటికీ మధ్యాహ్నం పీరియడ్లలో టెన్షనే.

జీతం అడుగుతారు కాబట్టి అదీ చెప్తా, స్కూల్ అసిస్టెంటు స్కేలు 44,570 దగ్గర మొదలవుతుంది. సీనియర్ కెమిస్టులుగా ఉన్నవాళ్ళు మీ పేస్లిప్పు పక్కన పెట్టుకుని ఇంట్లో మాట్లాడుకోండి. షిఫ్టు గోల తప్పించుకోవడానికే అయితే రావద్దు, దానికి వేరే ప్లాంటులో జనరల్ షిఫ్టు వెతుక్కోవచ్చు. ప్రైవేటు బడిలో చేరి డీఎస్సీ కోసం ఎదురుచూద్దాం అనుకునేవాళ్ళు అక్కడి జీతం ముందే కనుక్కోండి, నేను అంకె రాస్తే నమ్మరు.

రాజీనామా రాసే ముందు ఒక పని చేయండి. క్వార్టర్సులో పదో తరగతి పిల్లల్ని నలుగురిని పోగేసి కొన్నాళ్ళు సాయంత్రం లెక్కలో సైన్సో చెప్పండి, వాళ్ళలో ఒకరన్నా చదువులో బాగా వెనకబడినవాళ్ళు ఉండేట్టు చూసుకోండి. నెల తర్వాత కూడా ఆ పిల్లాడికి చెప్పాలనిపిస్తే అప్పుడు ఫోన్ చేయండి, బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ దరఖాస్తు ఎట్లా నింపాలో దగ్గరుండి చెప్తా. నైట్ షిఫ్టు దిగొచ్చి మాత్రం ట్యూషన్ పెట్టొద్దు.